గాలికి టెంటు లేవకుండా...

ప్రశ్న: నేను చేసిన మట్టి పాత్రలను ఆరుబయట కళా ఉత్సవాల్లో అమ్ముతుంటాను. నాది 10 అడుగుల చదరపు మడత టెంటు. నాలుగు కాళ్లకూ రెండేసి లీటర్ల నీళ్ల సీసాలు కట్టినా, మొన్న గాలికి ఒక పక్క లేచి అరతో సహా పాత్రలు పడిపోయాయి. ఏం చేయాలి?

జవాబు: రెండు లీటర్ల నీళ్లంటే రెండు కిలోలే. మీ టెంటుకు ఒక్కో కాలికి కనీసం 18 కిలోలు కావాలి. ఇవి ఇంట్లోనే చేసుకోవచ్చు. 4 అంగుళాల పీవీసీ పైపును 3 అడుగులకు కోసి, అడుగున మూత అతికించి, కాంక్రీటు నింపండి. అది తడిగా ఉండగానే పైన రింగు బోల్టు దించండి. ఆరాక తూచి చూడండి, ఇది తప్పనిసరి.

కట్టే చోటే చాలామంది పొరపాటు చేస్తారు. బరువును కాలి అడుగున కట్టి వదిలేస్తే పైకప్పు ఊగుతూనే ఉంటుంది. పట్టీని పైమూల ఫ్రేముకు బిగించి, బరువు నేలకు ఆనీ ఆననట్టు వేలాడదీయండి. తర్వాత కింద కాలికి కట్టేయండి. లేకపోతే ఊగి కొనేవారి కాళ్లకు తగులుతుంది.

మూడు పక్కలా గుడ్డ దించితే గాలికి టెంటు తెరచాపే అవుతుంది. గాలి మొదలవగానే వెనక గుడ్డ ఎత్తేయండి. వానైతే పైన నీళ్లు నిలవనివ్వకండి, ఆ బరువుకు కడ్డీలు వంగుతాయి.

అరలను టెంటుకు మాత్రం కట్టకండి. ఒకదానికొకటి బిగించి, బరువైన పాత్రలు కింద పెట్టండి. గాలి మరీ పెరిగితే ముందు సరుకు పెట్టెల్లోకి, ఆ వెంటనే పైగుడ్డ కిందికి.