పోర్ట్ బ్లెయిర్‌కు మకాం మార్చే ముందు అమ్మగారి సంగతి ఆలోచించండి

ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే వీలు దొరికింది కనుక హైదరాబాదు వదిలి, భార్యతో, ఆరో తరగతి చదువుతున్న పాపతో, మధుమేహం ఉన్న అమ్మగారితో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడవచ్చా అని మీరు అడిగారు. 2024లో ఈ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారినా, వాడుకలో పాత పేరే ఎక్కువ కాబట్టి నేనూ అదే రాస్తున్నాను. మేము కూడా హైదరాబాదు నుంచే వచ్చి కొన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నాం. మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. అందువల్ల నా అభిప్రాయం ముందే చెబుతాను: మీ ఉద్యోగాన్ని బట్టి గానీ, సముద్రం మీద మీకున్న ఇష్టాన్ని బట్టి గానీ కాకుండా, అమ్మగారి ఆరోగ్యాన్ని బట్టి ఈ నిర్ణయం తీసుకోండి.

ఉద్యోగం గురించి పెద్దగా దిగులు పడనక్కరలేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబులు అందుబాటులోకి వచ్చాక, అంతవరకు ఉపగ్రహం మీదే ఆధారపడిన ఇంటర్నెట్ ఊళ్లో బాగా మెరుగుపడింది. కరెంటు మాత్రం చాలావరకు డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది కాబట్టి ఇన్వర్టరు పెట్టుకోండి. పాపకు సీబీఎస్ఈ బడులున్నాయి. అన్ని ప్రాంతాల వారూ కలిసి బతికే ఊరు కావడంతో బజారులో హిందీయే నడుస్తుంది, పిల్లలు దాన్ని తొందరగానే పట్టుకుంటారు.

తెలుగు మాట వినబడదేమోనన్న బెంగ కూడా వద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వారిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కుటుంబాల వారే. జంగ్లీఘాట్‌లో చేపలు కొనడానికి వెళితే బేరం శ్రీకాకుళం యాసలోనే సాగుతుంది. మా అత్తగారికి ఇక్కడ మనసు కుదుటపడటానికి సముద్రం కన్నా ఆ పలకరింపులే ఎక్కువ తోడ్పడ్డాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక అసలు విషయం. ఇక్కడ జి.బి. పంత్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, వైద్య కళాశాల కూడా ఉంది. జ్వరాలకు, మామూలు పరీక్షలకు, చక్కెర మందులకు ఊరు దాటనవసరం లేదు. అయితే గుండెకో మూత్రపిండాలకో పెద్ద చికిత్స అవసరమైతే చెన్నైకి వెళ్లవలసి రావచ్చు. చెన్నై ఇక్కడికి 1,300 కిలోమీటర్లకు పైగా దూరం; విమానంలో రెండు గంటలకు పైగా, ఓడలో రెండున్నర రోజుల దాకా పడుతుంది. హైదరాబాదులో అర్ధరాత్రి ఆటో పిలిచి పెద్దాసుపత్రికి వెళ్లినట్టు ఇక్కడ కుదరదు. ఈ ఒక్క తేడానే మీరు పదే పదే తూచి చూసుకోవాలి. మా ఇంట్లో అత్తగారి మందులు ఎప్పుడూ రెండు నెలలకు సరిపడా ఉంచుతాం. ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్‌కు ఇన్వర్టరు నుంచి విడిగా లైను వేయించాం.

రోజువారీ బతుకు కూడా ఓడల రాకపోకలకు తగ్గట్టు నడుస్తుంది. టమాటాలు, ఉల్లిపాయలు చాలావరకు మెయిన్‌ల్యాండ్ నుంచే రావాలి, కనుక వాతావరణం పాడై ఓడ ఆలస్యమైతే అబర్డీన్ బజారులో ధరలు చూస్తుండగానే పెరుగుతాయి. రెండు రుతుపవనాలూ తడిపే చోటు కావడంతో మే నుంచి డిసెంబరు వరకు వానలు వస్తూనే ఉంటాయి. బీరువాలో పెట్టిన తోలు చెప్పుల మీద, బెల్టుల మీద తెల్లటి బూజు పడుతుంది. ఇంత వాన కురిసే ఊళ్లో కూడా వేసవిలో కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే సందర్భాలుంటాయి. నవంబరులో సాయంత్రం ఐదింటికే సూర్యుడు అస్తమిస్తాడు. పెద్దవారికి ఆ పొడవాటి సాయంకాలాలు అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది.

కాబట్టి హైదరాబాదులో ఇల్లు ఖాళీ చేయకుండా, జనవరిలో కాక జూలైలో, అమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చి ఒక నెల అద్దెకు ఉండి చూడండి. బయలుదేరే ముందు ఆమె గుండె, మూత్రపిండాల పరీక్షలు చేయించి, ఆ నివేదికలతో అక్కడి డాక్టరుగారిని అడగండి. చక్కెర అదుపులో ఉండి, మిగతావి బాగుంటే నిశ్చింతగా రండి. గుండె జబ్బు ఛాయలు ఏమైనా కనిపిస్తే మాత్రం, పాప చదువుకు ఎంత అనుకూలంగా ఉన్నా, ఇప్పటికి ఆగమనే నేను చెబుతాను.