మెటల్ డిటెక్టర్ పాత నాణేన్ని గుర్తుపడుతుందా?

గుర్తుపట్టదు, కింద లోహం ఉందని, అది దాదాపు ఏ రకమో మాత్రమే చెబుతుంది. కాయిల్ నుంచి వెళ్లే అయస్కాంత క్షేత్రం లోహంలో చిన్న కరెంటు పుట్టిస్తుంది. తిరిగొచ్చే సిగ్నల్ లోహాన్ని బట్టి, సైజును బట్టి మారుతుంది. తెర మీద కనిపించే అంకె దాని నుంచి వచ్చేదే. విక్టోరియా వెండి రూపాయికి పెద్ద అంకె వస్తుంది. శాతవాహనుల సీసం నాణేనికి తక్కువే, అల్యూమినియం ముక్కకూ ఇంచుమించు అంతే రావచ్చు. అందుకే ముందు తెలిసిన నాణేలను పెరట్లో పాతి, ఏది ఎలా మోగుతుందో విని నేర్చుకోవాలి. అంతర్వేది వైపు ఉప్పుతేమ నేలలో ఉత్తుత్తి మోతలు ఎక్కువ కాబట్టి గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల నుంచి వచ్చే సిగ్నల్‌ను పట్టించుకోకుండా డిటెక్టర్‌ను సరిచేసుకోవడం, తప్పనిసరి.

అంకె పెద్దదైతే నాణెం పాతదని చాలామంది అనుకుంటారు. వయసుకూ అంకెకూ సంబంధమే లేదు. ఇంకోటి, పాతిపెట్టిన నిధి విలువ పది రూపాయలు దాటితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి, సొంత పొలంలో దొరికినా సరే.