కావలి ప్లాటుకు ఈడీ అటాచ్‌మెంట్, రిజిస్ట్రేషన్ ఆగింది: సమాధానం

కావలిలో కొన్న ప్లాటుపై ఈడీ (మనీలాండరింగ్ కేసులు చూసే కేంద్ర సంస్థ) అటాచ్‌మెంట్, అంటే జప్తు, ఉందని రిజిస్ట్రేషన్ ఆగింది, ఏం చేయాలని అడిగారు. మీకు అమ్మింది మాజీ నాయకుడి భార్య కదా, ఆ ప్లాటు ఆమె అవినీతి సొమ్ముతో కొన్నదని ఈడీ అనుమానం, అందుకే ఈసీలో (ఆస్తిపై ఉన్న లావాదేవీలు, భారాలు చూపే ధ్రువపత్రం) అటాచ్‌మెంట్ కనిపిస్తోంది. ఆమెకు పదవి లేదు కాబట్టి ఏం కాదులే అనుకోవద్దన్నా, జయలలిత అక్రమాస్తుల కేసులో 2017లో సుప్రీంకోర్టు ఏ పదవీ లేని ఆమె స్నేహితురాలు శశికళకూ శిక్ష ఖాయం చేసింది.

1. సబ్‌రిజిస్ట్రార్ చుట్టూ తిరగొద్దు. నెల్లూరులో సివిల్ దావా కూడా దండగే, మనీలాండరింగ్ చట్టం సెక్షన్ 41 దాన్ని అడ్డుకుంటుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: తాత్కాలిక అటాచ్‌మెంట్ గడువు 180 రోజులు, ఆలోపే అడ్జుడికేటింగ్ అథారిటీ (అటాచ్‌మెంట్ నిలుస్తుందో లేదో తేల్చే సంస్థ) దాన్ని ఖరారు చేయాలి. నోటీసు మీ పేరున రాకపోయినా, ప్లాటు నాదని ముందుకొస్తే సెక్షన్ 8(2) ప్రకారం మీ మాట వినాల్సిందే. ఇప్పుడే లాయరుతో ఆ అథారిటీ ముందు అర్జీ వేయించండి, దస్తావేజు, డబ్బు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయండి. కొంత నగదుగా ఇచ్చుంటే లాయరు దగ్గర దాచొద్దు.

3. ఇప్పటికే ఖరారైతే, ఆర్డరు అందిన 45 రోజుల్లో అప్పీలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లండి.