ఇంట్లో చేసే హార్ గావ్ పైపొర ఎందుకు చిరిగిపోతుంది?

హాంకాంగ్, గ్వాంగ్‌జౌ టీ హోటళ్లలో పెట్టే ఈ రొయ్యల డిమ్‌సమ్‌కి (పల్చటి పొరలో రొయ్యలు నింపి ఆవిరి మీద ఉడికించే చైనా వంటకం) లోపలి గులాబీ రంగు బయటికి కనిపించాలి. మైదాతో అది జరగదు. గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే ప్రోటీన్) తీసేసిన వీట్ స్టార్చ్, అంటే గోధుమల గంజిపొడి, దాంట్లో కొంచెం టాపియోకా (కర్రపెండలం) స్టార్చ్ కావాలి.

చిరగడానికి కారణం ఎక్కువసార్లు నీళ్లే. గోరువెచ్చనివి పోస్తే పిండి పొడిపొడిగా విడిపోతుంది. కుతకుత మరుగుతున్నవి ఒక్కసారిగా పోసి, గరిటెతో కలిపి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదలండి. స్టార్చ్ ఉడికితేనే జిగురొస్తుంది. వేడి తగ్గకముందే చెంచా నూనె వేసి, నున్నగా మెరిసేదాకా మర్దించండి. ఒత్తేటప్పుడు మిగతా ముద్ద తడిబట్ట కింద ఉండాలి, లేకపోతే అంచులు పగుళ్లిస్తాయి.

రొయ్యల ముక్కల్ని ఒకే దిశలో జిగటపడేదాకా తిప్పండి, ఉడికాక కొరికితే బిగువుగా తగుల్తాయి. పెద్ద మంట మీద ఆరేడు నిమిషాల ఆవిరి చాలు. మడతలు అందంగా రాలేదని టెన్షన్ పడకండి, రుచికి వాటితో పనిలేదు.