బడికెళ్లే వేళకే కడుపునొప్పి.. దెబ్బల భయమే కారణమా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. రెండు నెలలుగా పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. ఆదివారాలు, సెలవు రోజుల్లో ఏమీ ఉండదు. స్కానింగ్, రక్తపరీక్షలు నార్మల్‌గానే వచ్చాయి. ఈమధ్య రెండుసార్లు పక్క తడిపాడు. ఎక్కాలు అప్పజెప్పలేదని మూడు వారాల కిందట సారు చెంప మీద గట్టిగా కొట్టారట. అప్పటి నుంచి ఎడమ చెవి సరిగా వినబడటం లేదంటున్నాడు. మార్కులు తగ్గితే ఇంట్లో మావారు కూడా బెల్టు తీస్తారు. 'మేం దెబ్బలు తినే ఇంతవాళ్లమయ్యాం, మొక్కై వంగనిది మానై వంగుతుందా' అంటారు. కొట్టకపోతే మాట వినడు, కొడితే ఇలా అయిపోతున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, ఖమ్మం

సమాధానం: ముందు చెవి సంగతి చూడండమ్మా. దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు. అరచెయ్యి చెవి మీద పడేలా కొడితే లోపల గాలి ఒక్కసారిగా ఒత్తుకుని కర్ణభేరి చిరిగిపోవచ్చు. పైకి వాపు, రక్తం ఏమీ కనిపించకపోవచ్చు. మూడు వారాలైనా వినికిడి తగ్గే ఉందంటున్నారు కాబట్టి రేపో ఎల్లుండో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. చెవిలోకి లైటు వేసి చూసి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయిస్తారు. చిన్న చిల్లులు చాలావరకు ఒకటి రెండు నెలల్లో వాటంతటవే మూసుకుంటాయి. మూడు నెలలు దాటినా మూసుకోకపోతే ఆపరేషన్ అవసరం పడొచ్చు.

అప్పటిదాకా ఆ చెవిలోకి నీటిచుక్క పోకూడదు. తలస్నానం చేయించేటప్పుడు దూదికి కాస్త వాజిలైన్ రాసి అడ్డం పెట్టండి. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆ పని అస్సలు చేయకండి. చిల్లు ఉంటే ఆ నూనె లోపలికి వెళ్లి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. చీము కారినా, కళ్లు తిరుగుతున్నాయన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకో మాట. దెబ్బ ఎలా తగిలిందని డాక్టరు అడిగితే 'ఆడుకుంటూ పడ్డాడు' అనకండి. జరిగింది జరిగినట్టు చెప్పి, చీటీలో రాయమనండి.

ఇక కడుపునొప్పి. మీవాడు నాటకాలాడుతున్నాడని ఎవరన్నా నమ్మకండి. పేగులకూ మెదడుకూ మధ్య నరాల సంబంధం చాలా గట్టిది. భయం, టెన్షన్ ఎక్కువైతే బొడ్డు చుట్టూ నిజంగానే నొప్పి వస్తుంది, స్కానింగులో మాత్రం ఏమీ కనబడదు. సెలవు రోజుల్లో లేకపోవడమే అసలు కారణం చెబుతోంది. అయితే నిద్రలోంచి లేపేంత నొప్పి, బరువు తగ్గడం, ఆగని వాంతులు, విరేచనంలో రక్తం ఉంటే అది వేరే జబ్బు కావచ్చు, మళ్లీ చూపించాలి. పక్క తడపడం కూడా భయం వల్లే కావచ్చు గానీ, మానేసిన అలవాటు మళ్లీ మొదలైతే మూత్రపరీక్ష, షుగర్ పరీక్ష ఒకసారి చేయించడం మంచిది. దానికి మాత్రం పిల్లాణ్ని తిట్టకండి, చుట్టాల ముందు చెప్పకండి.

చెంపదెబ్బ ఒక్కటే కాదు, 'చిన్న శిక్షే కదా' అనుకునేవి కూడా ఒంటి మీదికి తెస్తాయి. చెవి గట్టిగా మెలిపెడితే లోపల రక్తం గూడుకట్టి, వైద్యం అందకపోతే చెవి ఆకారమే మారిపోవచ్చు. వందల కొద్దీ గుంజీలు తీయిస్తే తొడ కండరాలు దెబ్బతిని, ఆ వ్యర్థాలు కిడ్నీల మీద పడతాయి. అలాంటి శిక్ష తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే అది ఎమర్జెన్సీ.

ఇప్పుడు మీవారి మాటకొస్తాను. ఆయన ఎదిగింది దెబ్బల వల్ల కాదు, దెబ్బలు తగిలినా ఎదిగారు. అదే బడిలో అవే దెబ్బలకు భయపడి చదువు మానేసిన తోటివాళ్లను ఆయన ఒకసారి గుర్తు చేసుకోవాలి. కొడితే ఆ పూటకు మాట వింటారు, నిజమే. అందుకే అది పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. కానీ లక్షా 60 వేల మంది పిల్లల మీద 50 ఏళ్లుగా జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2016లో విశ్లేషిస్తే, దెబ్బలు తినే పిల్లల్లో మొండితనం, ఇతరుల మీద చెయ్యి చేసుకోవడం, మానసిక సమస్యలు ఎక్కువగానే కనిపించాయి. పైగా భయంతో ఉన్న మెదడుకు లెక్క ఎక్కదు. ఇంట్లో గడగడా చెప్పిన ఏడో ఎక్కం బెత్తం చూడగానే 'ఏడు నాలుగులు...' దగ్గర ఆగిపోతుంది. దానికి ఇంకో దెబ్బ వేస్తే ఆ నాలుగు కూడా పోతుంది.

అసలు ఎక్కాలు ఎందుకు రావడం లేదో ఎవరైనా చూశారా? బోర్డు కనబడక కావచ్చు, కళ్లు పరీక్ష చేయించండి. రక్తహీనత ఉన్నా ధ్యాస నిలవదు. అక్షరాలు తారుమారు చేయడం, చదివేటప్పుడు వరుసలు వదిలేయడం, అంకెలు తిరగరాయడం ఉంటే అభ్యాస వైకల్యం ఉండొచ్చు. అది బద్ధకం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా దాన్ని గుర్తించింది. పరీక్షించి, నేర్పే పద్ధతి మారిస్తే ఇలాంటి పిల్లలు చక్కగా అందుకుంటారు. వాళ్లను బెత్తంతో దారిలో పెట్టాలనుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

బడితో మాట్లాడటానికి జంకకండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. 'నాలుగు తగిలించండి సార్, మేమేమీ అనుకోం' అని మనం చెప్పినా సారుకు ఆ హక్కు రాదు. మెడికల్ చీటీ జత చేసి హెడ్‌మాస్టరుకు కాగితం మీద రాసివ్వండి. స్పందన లేకపోతే మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి వెళ్లండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఎప్పుడూ పనిచేస్తుంది. ఇంట్లో కొట్టడాన్ని స్వీడన్ 1979లోనే పూర్తిగా నిషేధించింది. మన దగ్గర అంత సూటి చట్టం లేదు గానీ, బెల్టుతో కొట్టడం లాంటి క్రూరత్వం 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కిందికి రావచ్చు. తండ్రికి మినహాయింపేమీ లేదు.

బెల్టు మానేస్తే చాలదు, దాని స్థానంలో ఏదో ఒకటి ఉండాలి. హోంవర్క్ అయ్యాకే టీవీ అని ముందే చెప్పండి, చెప్పినట్టే జరగనివ్వండి. ఒకరోజు కాదని, ఒకరోజు సరేనని మార్చకండి. కోపం తలకెక్కినప్పుడు మీవారిని వీధిలోకి వెళ్లి పది నిమిషాలు నడిచి రమ్మనండి. 'నాన్న రానీ, నీ పని చెబుతా' అనే మాట మీరూ మానాలి. రాత్రి పడుకునే ముందు బడిలో ఏం జరిగిందని ఆరాలు తీయకుండా, వాడు చెప్పింది వినండి. మొదటి వారం ఏమీ చెప్పకపోవచ్చు.

నెల తర్వాత కూడా నొప్పి తగ్గకపోయినా, బడి మాటెత్తితే వణికినా, 'నేను చచ్చిపోతా' లాంటి మాట ఒక్కసారి అన్నా పిల్లల మానసిక వైద్యులకు చూపించాలి. ఆ చివరి మాట వస్తే నెల ఆగకండి, అదే రోజు వెళ్లండి. మీ ఇద్దరూ కలిసే వెళ్లండి, ఎందుకంటే అక్కడ డాక్టరు మాట్లాడాల్సింది మీవారితో కూడా.

- పిల్లల వైద్య నిపుణులు