‘ది మార్షియన్’లో చూపినట్టు అంగారకుడి మీద ఒక్కడే బతకడం నిజంగా సాధ్యమా?

చాలావరకు నమ్మదగిన కథే. 2015లో రిడ్లీ స్కాట్ తీసిన ఈ సినిమాలో సైన్స్‌కు బాగా దూరంగా ఉన్నది మొదట్లో వచ్చే తుఫాను. అంగారకుడి వాతావరణ పీడనం భూమి మీద ఉన్నదాంట్లో ఒక శాతం కూడా ఉండదు. అక్కడ గాలి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీచినా మనకు పిల్లగాలి తగిలినట్టే ఉంటుంది. రాకెట్‌ను ఒరగదొయ్యడం దాని వల్ల కాదు. మూల నవల రాసిన ఆండీ వియర్ కూడా ఈ సంగతి ఒప్పుకున్నారు.

హీరో మార్క్ వాట్నీ నీళ్లు తయారుచేసే పద్ధతి మాత్రం నాకు ఎంతో నచ్చింది. రాకెట్ ఇంధనమైన హైడ్రజీన్‌ను ఇరిడియం ఉత్ప్రేరకం మీద పోస్తే నైట్రోజన్, హైడ్రోజన్‌గా విడిపోతుంది. ఆ హైడ్రోజన్‌ను మండిస్తే నీరు వస్తుంది. కెమిస్ట్రీ సరైనదే. కానీ హైడ్రజీన్ విషం, పైగా మూసి ఉన్న చోట హైడ్రోజన్ పేరుకుంటే పేలిపోతుంది. సినిమాలో వాట్నీకి జరిగేది అదే.

వాట్నీ తిండి కోసం అంగారకుడి మట్టిలో పండించే బంగాళాదుంపల విషయంలో అసలు చిక్కు ఆ మట్టితోనే. అందులో పెర్‌క్లోరేట్ లవణాలు ఉన్నాయని 2008లో అక్కడ దిగిన నాసా నౌక ఫీనిక్స్ ల్యాండర్ కనిపెట్టింది. అవి ఒంట్లోకి చేరితే థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా చేస్తాయి. అదృష్టం ఏమిటంటే, నీళ్లలో తేలిగ్గా కరుగుతాయి. ముందు మట్టిని బాగా కడిగితే చాలావరకు పోతాయి, కాకపోతే అందుకు బోలెడు నీళ్లు కావాలి.

సినిమా పెద్దగా పట్టించుకోనిది రేడియేషన్. భూమిలాగా అంగారకుడికి గ్రహమంతటినీ కాపాడే అయస్కాంత క్షేత్రం లేదు. ఏడాదికి పైగా అక్కడ గడిపినవాడికి భవిష్యత్తులో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.