పీహెచ్ రాసేటప్పుడు రెట్లు మింగేయకు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది. కానీ "పీహెచ్ 6 ఉన్న నీటికన్నా పీహెచ్ 3 ఉన్న నీటిలో ఆమ్లత్వం రెండింతలు" అన్నావే, అక్కడ నాకు ఒళ్లు మండింది. రెండింతలేమిటయ్యా? వెయ్యింతలు!

పీహెచ్ అంటే ద్రావణం ఎంత ఆమ్లమో చెప్పే అంకె. లీటరులో హైడ్రోజన్ అయాన్లు 10⁻³ మోల్ (రేణువుల లెక్కకు వాడే ప్రమాణం) ఉంటే పీహెచ్ 3, 10⁻⁶ ఉంటే 6. అంకె ఒక్కటి దిగితే గాఢత పదింతలు పెరిగినట్టు. 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్సెన్ కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎంజైముల మీద పనిచేస్తూ ఈ కొలమానం పెట్టాడు. అన్నేసి సున్నాలను ఒక్క అంకెలో ఇమిడ్చాడు. వాటిని మళ్లీ విప్పి చూపించడం మన పని. అది చేయనివాడు సైన్సు రాయకూడదని నా పట్టుదల.

నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో ఒక సంపాదకుడు నా వ్యాసంలో "పదింతలు" కొట్టేసి "కొంచెం ఎక్కువ" అని దిద్దాడు. పాఠకులకు లెక్కలు పడవట! వ్యాసం వెనక్కి తెచ్చేసుకున్నాను. చాలాకాలం అది అచ్చుకు నోచుకోలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే కోపం వస్తుంది. సులభంగా రాయడమంటే లెక్క ఎగ్గొట్టడమనే ఫ్యాషన్ ఇప్పుడు ఇంకా ముదిరింది. రక్తం పీహెచ్ 7.4 నుంచి 7.1కి పడితే "0.3 మాత్రమే తగ్గింది" అని రాస్తారు. లీటరుకు 40 నానోమోల్‌లున్న హైడ్రోజన్ అయాన్లు దాదాపు 80 అయ్యాయని, రోగి ప్రాణం మీదికి వచ్చిందని ఆ వాక్యం చదివినవాడికి ఎలా తెలుస్తుంది?

క్షారంలో హైడ్రోజన్ అయాన్లే ఉండవన్నావు. ఉంటాయి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి ద్రావణాల్లో హైడ్రోజన్ అయాన్ల గాఢతను, క్షారగుణమిచ్చే హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢతను గుణిస్తే 10⁻¹⁴ రావాలి. ఒకటి పదింతలైతే రెండోది పదో వంతుకు పడుతుంది. పీహెచ్ 9 దగ్గర హైడ్రాక్సైడ్ 10⁻⁵, హైడ్రోజన్ 10⁻⁹. తక్కువే, కానీ సున్నా కాదు.

చివరి పేజీలో పీహెచ్ 3, 5 ఉన్న బలమైన ఆమ్ల ద్రావణాలను సమంగా కలిపి, సగటు 4 అన్నావు. ముందు గాఢతల సగటు కట్టు, తర్వాత లాగరిథమ్ తీసి గుర్తు మార్చు. 3.3 వస్తుంది. ఆ పేరా మొత్తం తిరగరాసి, ప్రతి పీహెచ్ పక్కనా గాఢత వేసి నాకు పంపు. ఏ పత్రికకు ఇవ్వాలన్నది అప్పుడు మాట్లాడుకుందాం.